రమణమ్మకు తెలియని వేడి

మంచం పక్కన వంగి బీపీ పట్టీ చుడుతుంటే దుప్పటి కింద ఏదో మూట తగిలి నా వేళ్లు చురుక్కుమన్నాయి. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఆ మూటను పొట్ట మీద పెట్టుకున్న రమణమ్మ మాత్రం నవ్వుతూ కబుర్లు చెబుతోంది. నాకు భయం వేసింది అప్పుడే.

మూడేళ్ల కిందటి వానాకాలం. విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, స్త్రీల ఆపరేషన్ల వార్డులో నర్సుగా చేస్తున్నాను. రమణమ్మది నెల్లిమర్ల, జూట్ మిల్లులో పని. ఆ ఉదయమే లాపరోస్కోపీ పద్ధతిలో, అంటే పొట్టకు నాలుగు చిన్న గాట్లు పెట్టి కెమెరాతో చూస్తూ, గర్భసంచి తీశారు. తర్వాత నొప్పి తెలియకుండా పొట్ట కండరాల మధ్య, నరాలుండే చోట మత్తుమందు ఇచ్చారు. దీన్ని టాప్ బ్లాక్ అంటాం. మనిషి మెలకువగానే ఉంటుంది, పొట్ట మీది చర్మం మాత్రం గంటల తరబడి మొద్దుబారి ఉంటుంది. "సాయంత్రం దాకా నొప్పి తెలీదు, హాయిగా పడుకోండి" అని చెప్పింది నేనే.

దుప్పటి తీశాను. పాత చీర ముక్కలో కట్టిన కల్లుప్పు.

"ఎవరు పెట్టారమ్మా ఇది?"

"నేనే సిస్టరమ్మా," అంది పక్కనే ఉన్న ఆమె అత్త. "పొట్ట కోసినోలికి కాపడం ఎట్టకపోతే గాలి సేరిపోద్ది. కేంటీనోడి పెనం మీద ఏపించి తెచ్చినాను."

"ఏటి తెచ్చింది? ఎచ్చగానే నేదు," అంది రమణమ్మ. "మాయత్త కాపడం కూడా ఆవిడ కూరలాగే సల్లగుంటాది."

"నోరు సూడు దీనికి. అది అలాగన్నాదనే మల్లీ ఎల్లి ఇంకాస్త కాల్పించినాను."

మూట తీసేసరికి బొడ్డు పక్కన అరచేయంత మేర చర్మం కందిపోయి ఉంది. ఆ ఎరుపు ఒక కుట్టు దాకా పాకింది. అక్కడ కాలి కుట్టు విడితే చీము పట్టొచ్చు. డాక్టరమ్మకు కబురు పంపి, చల్లటి సెలైన్‌లో తడిపిన గుడ్డలు వేస్తూ అడిగాను, "మంటగా ఉందా?"

"ఏటీ తెలీట్లేదు సిస్టరు. నువ్వెందుకలాగ బెంబేలెత్తిపోతన్నావు?"

మిగతా రోజుల్లో ఆ జవాబు విని సంతోషించేదాన్ని. ఎంత లోతుగా కాలిందో మత్తు దిగితేగాని తెలియదంది, వచ్చి చూసిన డాక్టరమ్మ.

"నేను కాల్సేసినానా అమ్మా?" అని అత్త మెల్లగా అడిగింది.

"మీకు ముందే చెప్పాల్సింది నేను," అన్నాను.

డ్యూటీ అయిపోయినా వెళ్లలేదు. దీపాలు పెట్టే వేళకు రమణమ్మ మొహం చిట్లించింది. "సిస్టరూ, ఇప్పుడు సుర్రుమంటన్నాది." లోతుగా కాలిన చోట ఆ మంట కూడా ఉండదు. నాకు ఊపిరి వచ్చింది. తర్వాత రెండు చిన్న బొబ్బలు లేచాయి, కుట్టు మాత్రం గట్టిగానే ఉంది.

ఆ మందు నొప్పితో పాటు వేడినీ తెలియనివ్వదని చదువుకున్నాను. మా వైపు ఆడవాళ్లకు కాపడం ఎంత అలవాటో పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. ఆ రెండూ ఒక్క మంచం మీద కలుస్తాయని మాత్రం నాకు తట్టలేదు. ఇప్పుడు బ్లాక్ ఇచ్చిన ప్రతి మనిషి దగ్గరా, తోడున్నవాళ్లను కూర్చోబెట్టి కాపడం సంగతే మొదట ఎత్తుతాను.

నా కూతుళ్లిద్దరికీ బడికి పంపే ముందు ఎక్కడైనా నొప్పి పుడితే టీచరుకు చెప్పమని రోజూ చెబుతాను. రమణమ్మ సంగతి జరిగిన మర్నాడు పొద్దున్న జడలు వేస్తూ ఇంకో మాట కలిపాను. "ఒంట్లో ఎక్కడైనా ఏమీ తెలియకపోయినా చెప్పండి."

"ఏమీ తెలియకపోతే ఏం చెప్పాలమ్మా?" అంది పెద్దది.

"తెలియట్లేదని చెప్పు," అన్నాను.