పెళ్లి బిర్యానీ తిన్న వారం

మా సర్వేలో బీదరికానికి ఒక కొలత ఉండేది. ఇంట్లో ఏమేం వస్తువులున్నాయి, నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకుంటారు, పోయిన వారం ఎన్నిసార్లు మాంసం తిన్నారు, ఇలా అడిగి మార్కులు వేసేవాళ్లం. మార్కులు తక్కువైతే బీద పిల్ల, ఎక్కువైతే కలిగిన పిల్ల. మార్కులు తగ్గితే ఏడ్చే పిల్లల దగ్గరికి, తగ్గితేనే మేలు జరిగే పరీక్షను మోసుకుపోయాం. ఆ సంగతి వాళ్లకు చెప్పకూడదని మాకు ఆజ్ఞ.

కడపలో ఒక సర్కారు బడి. సెలవులైపోయి అప్పుడే తెరిచారు. ముందుగా పిల్లల వేలు గుచ్చి రక్తం చూశాం. రక్తం తక్కువున్నవాళ్లలో బీదవాళ్లను ఏరి, ఏడాది పొడుగునా రోజూ పాలు, ఖర్జూరాలు ఇవ్వాలన్నది పథకం. ఏడో తరగతిలో ఒక అమ్మాయికి రక్తం మరీ తక్కువ. కింది కనురెప్ప లాగి చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఈ పిల్లకు తప్పకుండా వస్తుందిలే అనుకుంటూ ప్రశ్నలు మొదలుపెట్టాను.

"పోయిన వారం మాంసం ఎన్నిసార్లు తిన్నావమ్మా?"

"దినామూ తింటిమి మేడం. బిర్యానీ!"

పక్క బెంచీవాళ్లు "ఓయబ్బో, నవాబు కూతురు!" అని నవ్వారు. ఆ అమ్మాయీ నవ్వింది, నేనూ నవ్వాను. ఆ గడిలో వేయగలిగినన్ని మార్కులూ వేసేశాను. ఎక్కడ తిన్నారు, ఎవరు పెట్టారు అని అడిగే గడి లేదు.

పాలు పంచడం మొదలైన కొన్నాళ్లకు వాళ్ల నాయన బడికి వచ్చాడు. పెళ్లిళ్లలో బిర్యానీ వండే మాస్టరు దగ్గర గిన్నెలు దించి తోమే మనిషి. ముంజేతుల నిండా కాలిన మచ్చలు.

"మా పాపకు రక్తం ల్యాదని మీరే చెప్తిరి గదా మేడం. మరి పాలెందుకు ఇయ్యల్యా?"

మాంసం ప్రశ్న గురించి చెప్పాను.

"పీర్ల నెలలో, మొహర్రంలో, మా సాయిబులకు పెండ్లిండ్లు ఉండవు మేడం. అందుకని మీరు రాకముందు వారమంతా ఒకటే పెండ్లిండ్లు. గిన్నెల అడుగున మిగిలింది ఇంటికి తెస్తి. పాప అబద్ధం చెప్పల్యా. ఇప్పుడు పని ల్యాదు, కారం మెతుకులే తింటాండాం."

గొంతు పెంచి నాలుగు తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. పాపను ఏమనొద్దని మాత్రం చెప్పి వెళ్లిపోయాడు.

మా పెద్దసారుకు ఫోన్ చేశాను. ఒకరికి మారిస్తే అందరికీ మార్చాలి, లెక్క చెడిపోతుందన్నారు. నా డబ్బుతో పాలు ఇప్పిస్తానన్నా ఒప్పుకోలేదు. అలా చేస్తే పాలు తాగినవాళ్లకూ తాగనివాళ్లకూ పోలిక కుదరదట. ఆయన చెడ్డవారు కాదు, లెక్క విషయంలో ఆయన మాటా తప్పు కాదు. అయినా నాకు ఒళ్లు మండిపోయింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మేం అడిగి మరీ పెట్టకుండా పోయాం.

చలికాలంలో బరువులు తూచడానికి మళ్లీ ఆ బడికి వెళ్లాను. వరుసలో ఆ అమ్మాయి వంతు వచ్చింది. మిగతా పిల్లలు ముల్లు ఎక్కడ ఆగుతుందోనని వంగి చూసుకున్నారు. ఈ పిల్ల నన్నే చూసింది. దిగాక కూడా పక్కకు పోలేదు.

"మేడం, ఈ వారం మేం మాంసం తినల్యా. పోయిన వారం గూడా తినల్యా. ఇప్పుడడగండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ విడత మేం బరువు, ఎత్తు తప్ప వేరేమీ అడగడం లేదు. ఆ మాట ఆ పిల్ల ముఖం చూస్తూ చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"మరి ఏం తిన్నావమ్మా?" అన్నాను.

సోమవారం నుంచి మొదలుపెట్టి, పూట పూటా గుర్తు తెచ్చుకుంటూ, ఎక్కువ చెప్పకుండా జాగ్రత్తపడుతూ చెప్పింది. నేను తలూపుతూ విన్నాను. అంతా అయ్యాక నా చేతివంక చూసి, మెల్లగా అడిగింది.

"రాసుకోరా మేడం?"