మీసం ముందా, ఈకలు ముందా

పారిపోయాడట! ఎవరు? మా తాతయ్య గురువు, అనకాపల్లి ఉస్తాదు. ఓడిపోతానన్న భయంతో పోటీ మధ్యలో పావురాన్ని తీసుకుని పారిపోయాడని నిన్న మా పావురాల గ్రూపులో ఒకాయన రాశాడు. నేను పెట్టింది ఒక పాత ఫొటో. అందులో కుర్రాడిగా ఉన్న మా తాతయ్య, ఆయన అరచేతిలో సగం ఈకలొచ్చిన పావురం పిల్ల, పక్కన టోపీ పెట్టుకుని నవ్వుతున్న ఉస్తాదు. దాని కింద ఈ మాట! రాత్రంతా ఫోన్లో కొట్టుకున్నాం. ఆయనకి ఎక్కేలా లేదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఇది నేను చూసింది కాదు, విన్నది. విశాఖపట్నం ఫ్లాట్లలో పెరిగిన నాకు సెలవులంటే అనకాపల్లిలో తాతయ్య డాబా. సాయంత్రం పావురాలకు జొన్నలు చల్లుతూ, "ఆ ఫోను పక్కనెట్రా, ఇది అందులో దొరకదు" అని మొదలుపెట్టేవాడు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన కొత్త రోజులు. ఉస్తాదుకి ట్రంకుపెట్టెల కొట్టు. రోజంతా రేకు మీద సుత్తి దెబ్బలే గానీ మనిషి మాట మహా మెత్తన. ఊళ్లో ఎవరు పావురాల అందాల పోటీకి పక్షిని పెట్టాలన్నా ముందు ఆయనకి చూపించాల్సిందే. ఆయన ప్రాణం లక్కా పావురాల మీద. తెల్లగా, రొమ్ము విరుచుకుని, తోకని విసనకర్రలా విప్పి నిలబడతాయే, అవి. ఆ ఏడు ఆయన దగ్గరున్న ఆడ పావురాన్ని, ఆ పెట్టని, మించింది చుట్టుపక్కల లేదు. అంతకుముందు ఏడు పోటీ కప్పుని విశాఖపట్నం షావుకారు ఒకాయన పట్టుకుపోయాడు. ఆ మంటతో మా తాతయ్య మంగలి షాపులో నలుగురి ముందూ మాటిచ్చేశాడు, ఈసారి ఉస్తాదుకి కప్పు రాకపోతే మీసం తీయించేస్తానని. ఆ మీసమంటే ఆయనకి ఎంత ప్రేమంటే, పెళ్లిచూపులకి ముందు దాన్ని పంపి తర్వాత తను వచ్చాడని మా నానమ్మ ఎకసెక్కం.

సరిగ్గా అప్పుడే ఆ పెట్ట గుడ్లు పెట్టింది. పావురాల కాపురంలో ఒక పద్ధతుంది. పొద్దెక్కాక పోతు వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది, సాయంత్రానికి పెట్ట వచ్చి దాన్ని లేపి మళ్లీ పొద్దెక్కేదాకా తను పొదుగుతుంది. పగలు పెట్ట ఖాళీయే కదా అని ఉస్తాదు దాన్ని పోటీకి తెచ్చాడు. పోటీ బెల్లం మార్కెట్టు షెడ్డులో. బెల్లం రాని రోజులే అయినా నేలంతా జిగట. తెల్ల తోకలకి అంటకుండా పంజరాల కింద ఉతికిన పంచెలు పరిచారు. చీమలు ఆ పంచెల్నీ వదల్లేదు. జడ్జీగారి రైలు ఆలస్యం. వచ్చినాయన ఒక్కో తోక ముందూ పెళ్లికూతుర్ని చూసినట్టు నిలబడిపోతున్నాడు. పొద్దు షెడ్డు గోడ వెనక్కి దిగిపోయింది. ఉస్తాదు లేచి పంజరం మీద గుడ్డ కప్పాడు. జడ్జీ చూడకముందే పంజరం కదిలితే ఇక పోటీలో లేనట్టే.

"ఏటిది ఉస్తాదూ? జడ్జీగోరు పక్క వరసలోనే ఉన్నారు!" అన్నాడు పక్కనే ఉన్న తాతయ్య.

"దీని వంతు వచ్చేసింది బేటా."

"పోతు ఇంకాసేపు కూకోడేటి?"

"కూకుంటాడు. ఆకలేసినా కూకుంటాడు. అందుకే ఎల్లాలి."

"మరి నా మీసం?"

"అదేటి, సల్లారిపోయే గుడ్డా? మళ్లీ మొలుత్తాది."

తాతయ్య తిట్టుకుంటూనే వెంట వెళ్లాడు. ఉస్తాదు డాబా మీద పంజరం తలుపు తీయగానే పెట్ట తిన్నగా గూటికి నడిచింది. పోతు లేచి, రెక్కలు విదిలించుకుని, నీళ్ల మూకుడు దగ్గరికి పరుగెత్తింది. "ఆడు నీళ్లు తాగిన తాగుడు సూసేక నా తిట్లన్నీ ఎనక్కి తీసేసుకున్నానురా" అనేవాడు తాతయ్య. అటునుంచటే మంగలి షాపుకి వెళ్లి తనే కుర్చీలో కూర్చున్నాడు. కప్పు మళ్లీ షావుకారుదే.

గుడ్లు పిల్లలయ్యాక ఉస్తాదు ఒకదాన్ని చూపించి, "ఇది నీది. దీనికి ఈకలు ముందా, నీకు మీసం ముందా, సూద్దారి" అన్నాడట. ఇక రోజూ కొట్టు మూశాక అదే పని. ముందు పిల్ల రెక్క విప్పి చూసేవాడు, తర్వాత అదే చేత్తో తాతయ్య గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకి తిప్పేవాడు. "మీసం ఎనకబడిపోతాంది బేటా, జొన్నలు ఎయ్యమంటావేటి?" పందెం సగంలో ఉండగా ఇద్దర్నీ ఫొటో స్టూడియోకి లాక్కుపోయాడు. గ్రూపులో నేను పెట్టింది ఆ ఫొటోనే. చివరికి గెలిచింది పిల్లే.

ఇప్పుడు ఆ ఫొటోలోని ముగ్గురూ లేరు. షావుకారు కప్పు ఏ అటకమీద ఉందో ఎవరికీ తెలీదు. నా ఫోన్లో మాత్రం ఆ మీసం ఇంకా మొలుస్తూనే ఉంది, ఆ ఈకలు ఇంకా వస్తూనే ఉన్నాయి. పారిపోయాడనేవాళ్లని ఒక్కటే అడుగుతాను. మీరైతే ఆకలేసిన ఆ పోతుని ఇంకాసేపు కూర్చోబెట్టేవారా?