పక్క క్లబ్బు షార్ట్‌స్టాప్

క్రికెట్‌కి మోకాళ్లు సహకరించక, క్లైడ్ నార్త్‌లో మా ఇంటి దగ్గరున్న బేస్‌బాల్ క్లబ్బులో చేరాను. ఫస్ట్ బేస్ దగ్గర నిలబడి, బంతి కొట్టినవాడు పరిగెత్తి అక్కడికి చేరేలోపు మావాళ్లు విసిరే బంతి అందుకోవడం నా పని.

పోయిన సీజన్ ముందు పక్క క్లబ్బువాళ్లు ఒక బేరం పెట్టారు. బంతులేసే మా పిచర్‌ని వాళ్లకిస్తే, రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడి బంతులాపే వాళ్ల షార్ట్‌స్టాప్‌ని మాకిస్తారట. ఆయనకి నలభై దాటి చాలా కాలమైంది. కోచ్‌కి ఇష్టం లేదు. అయినా చూద్దామని ఒక శనివారం ప్రాక్టీస్‌కి పిలిచాం.

నేల మీద దొర్లుతూ వచ్చిన బంతి ఒక్కటీ ఆయన్ని దాటిపోలేదు. కానీ బంతి పట్టాక, విసిరేముందు ప్రతిసారీ ఒక్క క్షణం ఆగేవాడు. ఆ చూపు నా మీద కాదు, నా పక్కన ఉండేది. ఉండబట్టలేక నేనూ అటు తిరిగి చూశాను. ఎవరూ లేరు.

నీళ్లు తాగేటప్పుడు అడిగాను. "నా పక్కన ఎవర్ని చూస్తున్నారు?"

"మా తమ్ముణ్ణి. చిన్నప్పట్నుంచీ నేను విసిరితే వాడే పట్టేవాడు. వాడు పోయాక ఆ గ్రౌండ్‌లో ఆడలేకపోయాను. ఇక్కడికొస్తే వదిలేస్తాడనుకున్నా," అన్నాడు నెమ్మదిగా. "వాడూ వచ్చినట్టున్నాడు."

"ఆ ఒక్క క్షణంలో రన్నర్ బేస్ చేరిపోతాడు. వద్దు," అన్నాడు కోచ్ మీటింగ్‌లో. అది నిజమే. తీసుకుందామని చెయ్యెత్తింది నేనొక్కణ్ణే.

పిచర్ మాతోనే ఉన్నాడు, మ్యాచ్‌లు బాగానే గెలిచాం. ఆయన ఆట మానేశాడని విన్నాను. ఆయన తమ్ముడు మాత్రం మా గ్రౌండ్‌లోనే ఉండిపోయాడేమోనని నా అనుమానం.