ఖాలా మా ఇంట్లో పెట్టిన బాతుపిల్లలు

నా చిన్నప్పుడు మా అమ్మకు ఏడాదిలో రెండే కాలాలు. ఒకటి నాకు జ్వరం వచ్చే కాలం, రెండోది రాబోయే కాలం. నాకంటే ముందు పుట్టిన అన్నయ్య జ్వరంతోనే పోయాడట. అందుకని నేను తుమ్మితే చాలు, ఆమె ముఖంలో నెత్తురుచుక్క ఉండేది కాదు. నాలుగో తరగతిలో ఉండగా నాకు టైఫాయిడ్ వచ్చి తగ్గింది. తగ్గి నెల దాటినా చెవులకు గుడ్డ కట్టి నన్ను వసారా దాటనివ్వలేదు. కాలవగట్టు మీది మా బడి గంట ఇంట్లోకి వినిపించేది. అది మోగినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది.

మాది కారంపూడి. పక్కింట్లో ఖాలా ఉండేది. ఖాలా అంటే వాళ్ళ ఉర్దూలో పిన్ని. మా వీధి మొత్తానికీ ఆమె పిన్నే. భర్తకు పొలం మోటార్లు బాగుచేసే షెడ్డు ఉండేది. కోతలయ్యాక మాగాణుల్లో మేపడానికి బాతుల్ని తోలుకొచ్చినవాళ్ళు కాసిని గుడ్లు ఇచ్చిపోతే, ఖాలా వాటిని తన కోడిపెట్ట కింద పొదగేసింది. తీరా పిల్లలయ్యాక ఆ వెడల్పు ముక్కులు చూసి కోడి దడుసుకుంది. దగ్గరికొస్తే పొడిచి తరిమింది. అప్పుడు ఖాలా ఒక మోటారు తాలూకు చెక్కపెట్టెలో ఊక పోసి, పైన బల్బు వేలాడదీసి, పిల్లల్ని అందులో వేసి తెచ్చి మా వసారాలో పెట్టింది. షెడ్డులో పిల్లుల బెడద ఎక్కువగా ఉందని చెప్పింది. ఆ షెడ్డులో నేను ఎన్నడూ పిల్లిని చూసి ఎరగను.

అమ్మ మొదట విసుక్కుంది. "నా పిల్లతోనే నాకు సరిపోతుంటే మళ్ళీ నీ బాతులేంది అక్కా" అంది. రెండో రోజుకల్లా పెట్టె దగ్గరనుంచి కదలడం మానేసింది. పిల్లలు బల్బు కింద ముద్దగా చేరితే చలేస్తోందని బల్బు దించేది. మూలలకు పోయి నోళ్ళు తెరిస్తే ఉడుకని పైకెత్తేది. కరెంటు పోతే ఇటుక వేడిచేసి, పాత చీరలో చుట్టి వాటి మధ్య పెట్టేది. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త కుళ్ళు పుట్టింది. ఖాలా రోజూ వచ్చి పెట్టెలోకి తొంగిచూసి, దొడ్లో గూట్లోకి ఎప్పుడు మార్చాలో నువ్వే చెప్పు, నాకు తెలవదు అని పోయేది. పుట్టినప్పటినుంచీ కోళ్ళ మధ్య పెరిగిన మనిషికి తెలియకపోవడమేమిటి!

చలి పోయి ఎండలు ముదిరాయి. పిల్లల పసుపు నూగు రాలి ముందు పొట్టల మీద, ఆఖరికి వీపుల మీద ఈకలు వచ్చాయి. ఒకరోజు పొద్దున అమ్మ తీర్పు చెప్పింది.

"మొన్నటినుంచి ఒక్కటి కూడా బల్బు కిందికి పోవట్లేదక్కా. వీపుల మీద కూడా ఈకలొచ్చినాయి. ఇంకా ఈ పెట్టెలోనే ఉంచితే ఒకదాన్నొకటి పొడుచుకు చస్తయ్. ఇయ్యాల మార్చేద్దాం."

ఖాలా వక్కపలుకు నములుతూ, "మరి నీ పిల్ల సంగతేంది?" అంది.

అమ్మ నావైపు చూసింది. అంత ఎండలోనూ నా చెవులకు గుడ్డ, దాని కింద కారుతున్న చెమట. అంతకు కాసేపటి ముందే ఆమెతో పోట్లాడి అన్నం కంచం తోసేసి ఉన్నాను. "దాన్నీ దీన్నీ ఒకటి చేస్తావా అక్కా" అంది అమ్మ. "నేనేడ చేశాను? నువ్వే చెప్పావు గదమ్మా" అని ఖాలా ఆమె పక్కన చేరి, భుజం మీద చెయ్యేసి చాలాసేపు కూర్చుంది.

ఆ రోజు బాతులు దొడ్లోకి వెళ్ళాయి. మర్నాడు నేను బడికి వెళ్ళాను. గుడ్డ లేని చెవులకు గాలి తగిలితే ఎంత హాయిగా ఉందో! మధ్యాహ్నం గంట కొట్టాక బయటికి వస్తే, బడి ఎదుట కాలవ ఒడ్డున అమ్మ తట్ట పట్టుకుని వంగి ఉంది. బాతులకు నత్తలు ఏరుతున్నానంది. ఆ కాలవ మా ఇంటి వెనక నుంచి కూడా పారేది. తట్టలో చూస్తే రెండే నత్తలున్నాయి. ఇంటికి రమ్మని మాత్రం ఆమె అనలేదు.

ఇప్పుడు అమ్మ లేదు, ఖాలా లేదు. ఈమధ్య నా మనవరాలు సైకిల్ మీద ఒక్కతే బడికి వెళ్తానంటే కోడలు భయపడింది. పిల్ల బ్రేకు పట్టే తీరు నాలుగు రోజులు చూసి, పంపవే అని చెప్పింది నేనే. పిల్ల బయల్దేరగానే కరివేపాకు తెస్తానని సంచి పట్టుకుని సందు చివరిదాకా వెళ్తున్నదీ నేనే. మా పెరట్లో కరివేపాకు చెట్టు ఉందని కోడలు ఇంతవరకూ గుర్తుచేయలేదు.