వాసన చూసే ఉద్యోగం

మా ఆవిడ పోయాక పలకరించడానికి వచ్చినవాళ్లలో ఒకరు, ఆమె చీరలు బీరువాలోంచి తీయవద్దన్నారు. మనిషి వాసన కొన్నాళ్లు ఉంటుందన్నారు. మంచి మనసుతో అన్న మాటే. కానీ నాకు వాసన తెలియదు. ఆ శక్తి పెళ్లికి ముందే పోయింది. బి.ఎస్సీ. చదివే రోజుల్లో అమ్మోనియా సీసా మూత తీసి, చేత్తో విసురుకుంటూ కొద్దిగా వాసన చూడమన్నారు లెక్చరరు. శ్రద్ధ గల విద్యార్థిని కాబట్టి సీసా ముక్కుకి ఆనించి గుండె నిండా పీల్చాను. తర్వాత పెద్ద జలుబు చేసింది. జలుబు తగ్గింది గానీ వాసన తిరిగి రాలేదు.

అలాంటివాడికి వాసన చూసే ఉద్యోగం దొరికింది.

అరవయ్యో దశకం చివరి రోజులు. విజయనగరంలో మూలికల నుంచి సారం తీసే చిన్న షెడ్డు ఒకటి ఉండేది. కొండల్లోంచి కొత్తవలస మీదుగా సర్పగంధి వేర్లు బస్తాల్లో వచ్చేవి. వాటిని దంచి స్పిరిట్‌లో నానబెట్టి, ఆ స్పిరిట్‌ను కాచి, ఆవిరిని చల్లార్చి మళ్లీ వాడుకోవడానికి డబ్బాల్లో పట్టేస్తే అడుగున గోధుమరంగు ముద్ద మిగిలేది. రక్తపోటు బిళ్లలు చేసేవాళ్లు దాన్ని కొనేవారు. స్పిరిట్‌లో ఏ మలినం ఉన్నా ఆ ముద్దలోనే పేరుకుంటుంది. అందుకని ప్రతి డబ్బానూ ముందుగా పరీక్షించడం నా పని. సాంద్రత కొలిచేవాణ్ని. నీళ్లు కలిపి, తెల్లబడుతుందేమో చూసేవాణ్ని. పింగాణీ గిన్నెలో ఆరబెట్టి, మరక మిగిలిందేమో చూసేవాణ్ని. ఇవన్నీ బాగానే చేసేవాణ్ని. ఆఖరి పరీక్ష మాత్రం వడపోత కాగితం మీద నాలుగు చుక్కలు వేసి, స్పిరిట్ ఎగిరిపోయే చివరి క్షణంలో పరాయి వాసన ఉందేమో చూడటం. అక్కడ నేను కళ్లు మూసుకుని, తల పక్కకు వంచి, కాసేపాగి, "పరవాలేదు" అనేవాణ్ని. చూసేవాళ్లకు గౌరవం కలిగేది.

పెళ్లయ్యాక ఈ సంగతి మా ఆవిడ ఒక్కదానికే చెప్పాను. ఆమె నా మేనమామ కూతురు. నెల్లిమర్ల దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టింది.

"వాసన తెల్దా? మరి ఆ ముక్కెందుకు బావా, కళ్లజోడు నిలబెట్టుకోడానికేటి?" అంది.

ఆనాటి నుంచి ప్రతి డబ్బా నుంచీ కొంచెం స్పిరిట్ సీసాలో పోసుకుని, సైకిలు సంచిలో దాచి ఇంటికి తెచ్చేవాణ్ని. పెరట్లో కూర్చుని ఆమె వాసన చూసేది. మద్యనిషేధం ఉన్న కాలం. ఒకసారి పొరుగింటి పెద్దావిడ గోడ మీంచి తొంగిచూసి, "ఏటే అమ్మా, మీ ఆయనకి ఈ అలవాటెప్పుట్నుంచి?" అని అడిగింది.

"ఆయనకి కాదత్తా, నాకే" అంది మా ఆవిడ, కాగితం ముక్కు దగ్గర్నుంచి తీయకుండానే.

ఒక చలికాలం, ఆ ఏడు వచ్చిన వేర్లన్నీ ఒకేసారి నానబెట్టడానికి సిద్ధం చేశారు. అవి చెడితే మళ్లీ వేర్లు వచ్చేది మరుసటి ఏడే. అప్పటిదాకా షెడ్డు నిలవదు, నా ఉద్యోగమూ నిలవదు. నా పరీక్షలన్నిట్లోనూ స్పిరిట్ గెలిచింది. అలవాటు ప్రకారం కళ్లు మూసుకుని పరవాలేదన్నాను కూడా. సాయంత్రం సీసా ఇంటికి తెచ్చాను.

"ఇందల వస ఉన్నాది బావా" అంది ఆమె.

వస అంటే పసిపిల్లలకు మాటలు బాగా రావాలని అరగదీసి నాలుకకు రాసే కొమ్ము. ఆ ఉదయమే మా పాపకు రాసింది. వాసన ఆమె వేలిదే కావచ్చన్నాను. చేతులు కడుక్కుని వచ్చింది. అయినా నాలోని శాస్త్రజ్ఞుడు ఊరుకోలేదు. ఒకటి ఉత్త కాగితం, ఒకటి నా దగ్గరున్న మంచి స్పిరిట్ వేసినది, ఒకటి అనుమానం ఉన్నది, మూడింటినీ గుర్తులు కనబడకుండా వెనక్కి తిప్పి కలిపి ఇచ్చాను.

"నాకే పరీచ్చెట్టినావేటి?"

"నీకు కాదు, కాగితానికి."

"కాయితానికి ముక్కున్నాదేటి? ఇలా తే."

వస ఉన్నదాన్నే తీసింది. మళ్లీ కలిపాను, మళ్లీ దాన్నే తీసింది. ఇంకోసారి కలుపుతుంటే లోపల పాప ఏడ్చింది. "ఇంక ఒగ్గీ బావా. నీ సదువు దాని ఆకలి తీరస్తాదా?" అని లేచిపోయింది.

మర్నాడు పొద్దున్నే షెడ్డు యజమాని, నస్యం పీల్చే షావుకారు, నా కోసమే కాచుకుని ఉన్నాడు.

"పొయ్యమంటారా మేస్టారూ?"

"వద్దండి. స్పిరిట్‌లో వస కలిసింది."

ఆయన కాగితం వాసన చూశాడు. "నాకేటీ తెల్దే. నిన్న మీరే బాగున్నాదన్నారు. కళ్లు మూసుకుని మరీ అన్నారు."

ఆయనకు చెప్పడానికి దారిలో ఏవో కారణాలు కూడబలుక్కున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు.

"నాకు వాసన తెలియదండి. మా ఆవిడ చూసి చెప్పింది."

"ఎప్పుట్నుంచి తెల్దు?"

"ఇక్కడ చేరకముందు నుంచి."

షావుకారు చిటికెడు నస్యం పీల్చి, గట్టిగా తుమ్మి, బట్టీ దగ్గరున్న పనివాణ్ని పిలిచాడు.

"ఒరే, మొన్న వస సారం తీసినాక కాసిన స్పిరిట్టు ఏ డబ్బాలో పోసినావురా?"

"ఇందల్నే బాబూ. కాళీగున్నాది, పోసీరా అని తవరే కదా సెప్పినారు."

షావుకారు డబ్బా మూత బిగించాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"మీరు తాగుతారని మీ వీదిలోలు సెప్పినారు మేస్టారూ. నాను నమ్మీసినాను. తాగినా పని బాగా సేస్తన్నారు కదాని ఊరుకున్నాను." ఇంకోసారి తుమ్మాడు. "నాకు ముక్కు కావాల. అది మీ ఇంటికాడున్నాది. సీసాలు నానే అంపిస్తాను. మీరీ తూకాలూ అయీ సూసుకోండి."

వేరే స్పిరిట్ తెప్పించారు. వేర్లు దక్కాయి, ఉద్యోగమూ దక్కింది. ఇంటికెళ్లి చెబితే ఆమె సంతోషించలేదు, షరతులు పెట్టింది. సీసా వచ్చిన రోజు పోపు పెట్టదు, ఉల్లిపాయ కోయదు, పూలు పెట్టుకోదు.

"మరి నేనేం తినాలి?"

"పెరుగన్నం తిను. సేపల పులుసైనా పెరుగన్నమైనా నీకొకటే కదేటి."

అంతకంటే సరిగ్గా నా సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ షెడ్డు నడిచినంత కాలం, సీసా వచ్చిన సాయంత్రాల్లో ఆమె పెరట్లో కాగితాలు ముందు పెట్టుకుని కూర్చునేది. నేను పక్కన పెరుగన్నం తింటూ ఆమె ముఖం చూసేవాణ్ని. బాగున్నాదంటే చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్లి, సీసాతో వచ్చిన చీటీలో 'పరీక్షించినవారు' అన్న చోట నా సంతకం పెట్టేవాణ్ని.