సుశీలమ్మ బాలింత గది

మొన్న ఉదయగిరిలో ఒక పురిటింటికి వెళ్ళాను. వీధి మలుపు తిరగగానే సాంబ్రాణి వాసన. గడప దగ్గర నిలబడ్డ మనిషి నా చేతుల వంక ఒకసారి చూసి చెంబు వంచాడు. చల్లటి నీళ్ళు మణికట్టు మీద పడగానే సుశీలమ్మ గుర్తొచ్చింది. నీళ్ళు పోసిన ఆ మనిషి సంగతి చివర చెప్తాను. ముందు ఆమె సంగతి చెప్పాలి.

ఆత్మకూరులో నేను నర్సుగా చేరిన ఆసుపత్రిలో యాక్సిడెంటు వార్డుకు సుశీలమ్మ హెడ్ సిస్టర్. పొట్టి మనిషి, గొంతు మాత్రం మెట్ల కింది దాకా వినిపించేది. మా వార్డుకు వచ్చేవాళ్ళంతా లారీల కిందా ట్రాక్టర్ల కిందా నలిగినవాళ్ళు. చర్మం చీలి, ఎముక విరిగి, నోట్లో ఒక గొట్టం, మెడ దగ్గర ఒకటి, మూత్రానికి ఒకటి. క్రిములు దూరడానికి ఇన్ని దారులున్న ఒంటిని కాపాడటమే ఆమె పట్టుదల. "రోడ్డు మీద బతికి బయటపడినోణ్ణి మంచం మీద పోగొట్టుకుంటే మన మొహాలు యాడ పెట్టుకుంటామే?" అనేది. నేను చేరిన రోజే నా చేతులు పట్టుకుని, వార్డు తలుపు పక్కనున్న కుళాయి కింద పెట్టి, తనే సబ్బు రుద్దింది. "అందరూ అరచేతులు రుద్ది బొటనవేలు మర్చిపోతారు. దేన్ని పట్టుకున్నా అదే గదా తగిలేది?" ఆ మాట రోజూ వినీ వినీ మాకు విసుగొచ్చేది. చాటుగా ఆమెను బొటనవేలు సిస్టర్ అనుకునేవాళ్ళం. ఆమెకు తెలుసు. తెలిసినా మానలేదు.

ఆమె మొండితనం ఎంతటిదో నాకు అర్థమైంది చేజర్ల నుంచి మాలకొండారెడ్డిని తెచ్చినప్పుడు. ట్రాక్టర్ తిరగబడి తొడ ఎముక విరిగింది, కడుపులో దెబ్బ తగిలింది. ఆపరేషన్ చేసి వెంటిలేటర్ మీద ఉంచారు. మర్నాడు వాళ్ళన్న రమణారెడ్డి ఊళ్ళో సగం మందిని వెంటేసుకుని పలకరింపుకు వచ్చాడు. మా వైపు పలకరింపు అంటే దూరం నుంచి చూసి పోవడం కాదు. మంచం మీద కూర్చోవాలి, చెయ్యి పట్టుకోవాలి, నుదురు నిమరాలి. లేకపోతే వచ్చినా రానట్టే. ఒకావిడ అనుమసముద్రంపేట దర్గా నుంచి నూనె సీసా కూడా తెచ్చింది, కట్టు విప్పి గాయానికి రాయాలట. సుశీలమ్మ తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఏంది సిస్టరూ, ఊరు ఊరే కదిలొచ్చినాది. మొహం చూడకుండా పొమ్మంటావా?" అన్నాడు రమణారెడ్డి.

"మీ ఇంట్లో కానుపైతే గదిలోకి ఇంతమందిని పంపిస్తారా రెడ్డీ?"

"కానుపుకూ దీనికీ ఏంది సంబంధం?"

"నీ తమ్ముడిప్పుడు పచ్చి బాలింత. ఒళ్ళంతా పచ్చి గాయం. ఇది బాలింత గది."

అంతేసి మీసాలున్న మాలకొండారెడ్డిని బాలింత అనేసరికి నాకు నవ్వాగలేదు. అన్నకు మాత్రం మొహం ఎర్రబడింది. ఆయన నోరు తెరిచేలోపే వాళ్ళవ్వ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. "ఆ యమ్మ చెప్పింది నిజమే గదరా. పచ్చి ఒళ్ళు. పోండి బయటికి!" అంటూ తలుపు దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఆ తర్వాత ఇంటివాళ్ళు ఒక్కొక్కరే, అవ్వ చూస్తుండగా చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళారు. నూనె సీసాను సుశీలమ్మ కిటికీలో పెట్టించింది. "దర్గా చలవ మూత తియ్యకపోయినా తగుల్తాదిలేమ్మా" అంది.

అయినా జ్వరం వచ్చింది. గొట్టానికి తగిలించిన సంచిలో మూత్రం మడ్డిగా కనిపించింది. డాక్టరుగారు గొట్టం మార్పించి, పరీక్షకు పంపి, మందు మొదలుపెట్టారు.

"ఇంత కాపలా కాసినా ఇదేంది సిస్టరూ? బతుకుతాడా?" అని అడిగాడు రమణారెడ్డి.

"బతికించుకుంటాం" అంది సుశీలమ్మ.

వార్డు మూలన స్టూలు వేసుకుని కూర్చుని, ఈసారి మా చేతుల వంక చూడటం మొదలుపెట్టింది. దుప్పటి మార్చేటప్పుడు దొరికింది. మనిషిని పక్కకు తిప్పడానికి అడ్డమొస్తుందని, కింద వేలాడే మూత్రం సంచిని ఎత్తి మంచం మీద పెడుతున్నాం. సంచిలోది గొట్టం గుండా వెనక్కి పోతోంది. డ్యూటీలో ఎవరున్నా అదే అలవాటు. ఇక మా ఉద్యోగాలు పోయినట్టేనని ఏడుపు మొదలుపెట్టాం.

"ఎవురు చేసినారో నాకొద్దు. యాడ జరుగుతా ఉండాదో దొరికింది గదా, ఇంకేంది ఏడుపు? లెయ్యండి" అంది. అప్పటి నుంచి తిప్పేటప్పుడు సంచిని మంచం కన్నా కిందుగా పట్టుకోవడం ఒకరి పని అయింది. పొద్దున రౌండులో ప్రతి గొట్టాన్నీ చూపించి "ఇది ఇయ్యాల ఇంకా ఎందుకు సార్?" అని అడిగేది. కారణముంటే ఉంచేవారు, లేకపోతే తీసేసేవారు. కొన్నాళ్ళకు డాక్టరుగారు ఆమె అడక్కముందే చెప్పడం మొదలుపెట్టారు. మాలకొండారెడ్డి జ్వరం మెల్లగా దిగింది. కర్ర సాయంతో మా వార్డు దాటాడు.

సుశీలమ్మ రిటైరై, పోయినేడు కన్నుమూసింది. ఇప్పుడు ఆ స్టూలు మీద నేను కూర్చుంటున్నాను. ఏ పేషెంటుకు చీము పట్టినా కొత్తపిల్లలు ముందు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఎవరని కాదు, ఎక్కడని వెతకండి అంటాను. అన్న ప్రతిసారీ ఆమె లేని లోటు గుచ్చుకుంటుంది.

ఉదయగిరిలో నీళ్ళు పోసింది మాలకొండారెడ్డే. అది అతని అత్తగారిల్లు, లోపల ఉన్నది పురుడు పోసుకున్న అతని కూతురు. నేను చేతులు దులుపుకుని గడప దాటబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అట్ట కాదు సిస్టరూ. బొటనవేలు."

ఆ మాట మీకెట్టా తెలుసని అడిగాను.

"తెలివొచ్చినా నోట్లో గొట్టం తియ్యలా. మాట రాదు. కుళాయి కాడ మీ చేతులు చూస్తా పడుకున్యా. బొటనవేలు రుద్దినోళ్ళు దగ్గరికొస్తే బతుకుతాన్లే అనిపించేది" అన్నాడు. తర్వాత నవ్వాడు. "లోపల పచ్చి బాలింత ఉండాది."

నేను మళ్ళీ చేతులు చాపాను.