మణికట్టు మీద మూడు మచ్చలు

దయ్యాల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. ఇప్పుడైనా ఉందని చెప్పలేను. వంట, బస్సు, ఆఫీసు, మళ్ళీ వంట. వీటితోనే ఒళ్ళు హూనమైపోయే మనిషికి అలాంటివి ఆలోచించే ఓపిక ఎక్కడిది? జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మేముండేది పోర్ట్ బ్లెయిర్‌లో, డెయిరీ ఫార్మ్ దగ్గర. తాతగారు శ్రీకాకుళం తీరం నుంచి వచ్చారట. నేను పుట్టింది ఇక్కడే. పోయినేడాది ఒక మధ్యాహ్నం బోటు దిగి జెట్టీ మీద కాలు పెట్టాను. నా వెనకున్న ముసలావిడ కాలు జారింది. గభాల్న వెనక్కి తిరిగి చెయ్యి చాపాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. అదే క్షణంలో అల వచ్చి బోటు ఊగింది. నా భుజంలో ఏదో పుటుక్కుమంది. పట్టు జారిపోయింది. నీళ్ళలో పడ్డ ఆవిణ్ణి పైకి తీసేసరికే ప్రాణం లేదు. ఆవిడ మొహం కూడా నేను సరిగా చూడలేదు.

భుజం కండరం చిరిగిందన్నారు డాక్టరు. మందులు, ఫిజియోథెరపీ, వేన్నీళ్ళ కాపడం. ఆరు నెలలైనా జడ వేసుకోలేకపోయాను. కుడివైపు ఒత్తిగిలి పడుకోలేకపోయేదాన్ని. చివరికి నొప్పి గురించి చెప్పడానికి కూడా విసుగొచ్చేసింది. ఎలా ఉందని ఎవరైనా అడిగితే బాగానే ఉందనేదాన్ని.

మా ఆఫీసులో ఒకావిడ సిప్పీఘాట్‌లో ఉండే బెంగాలీ దీదీ గురించి చెప్పింది. రిటైరైన నర్సు. పొద్దున్నే వాళ్ళ వరండాలో చీగాంగ్ నేర్పిస్తుంది. ఊపిరిని గమనించుకుంటూ చాలా నెమ్మదిగా చేసే చైనా వ్యాయామం అది. మోకాళ్ళు కొంచెం వంచి, రెండు చేతులూ ముందుకు చాపి, అలా కదలకుండా నిలబడాలి.

"జోర్ మత్ లగావ్, బహన్. బస్, ఖడీ రహో" అనేది దీదీ. బలం పెట్టకుండా ఊరికే నిలబడటం మాత్రం నాకు హాయిగానే ఉండేది.

రెండో వారంలో ఒక రోజు, అలా నిలబడి ఉండగా నా కుడి మణికట్టుని ఎవరో పట్టుకున్నారు. చల్లటి, తడి చెయ్యి. దీదీ భంగిమ సరిచేస్తోందనుకుని కళ్ళు తెరిచాను. ఆవిడ వరండా ఆ చివర ఉంది.

తర్వాత దీదీయే నా చెయ్యి చూసి, "కిస్నే పక్డా?" అంది. ఎవరు పట్టుకున్నారని. మణికట్టు మీద ఎర్రగా మచ్చలు. ఒక పక్క బొటనవేలిది, రెండో పక్క రెండు వేళ్ళవి. ఇంటికొచ్చాక మావారు నా ఫోన్‌లో ఫొటో తీశారు. దద్దుర్లేమో అన్నారు. సాయంత్రానికి పోయాయి.

ఆ నెలలో నాలుగు సార్లు అలా జరిగింది. భయం వేసింది. కానీ మానలేదు, ఎందుకంటే జరిగిన ప్రతిసారీ చెయ్యి ఇంకొంచెం పైకి లేచేది. నొప్పితో అలసిపోయిన మనిషి దేన్నైనా ఓర్చుకుంటుంది.

ఒక ఆదివారం ఆ ముసలావిడ కూతురు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. వాళ్ళది చేపల వేట మీద బతికే కుటుంబం. "మాయమ్మని అట్టుకోబోయి మీకు దెబ్బ తగిలిందంట కదక్కా. సూసి పోదారని వచ్చినాను" అంది.

ఎందుకు చూపించానో తెలీదు, సిప్పీఘాట్‌లో జరిగింది చెప్పి ఆ ఫొటో చూపించాను. ఆమె ఫోన్ తీసుకుని ఫొటో పెద్దది చేసి చూసింది.

"మాయమ్మకి కుడిసేతికి సివరి రెండు వేళ్ళూ నేవక్కా. ఎప్పుడో వల తాడులో పడి తెగిపోనాయి."

ఫొటోలో ఉన్న మచ్చలు మూడే. ఆమె ఫోన్ తిరిగిచ్చి, "రేపు నానూ వస్తాను, అక్కడికి" అంది.

వచ్చింది. ఎవరూ నేర్పకుండానే నా పక్కన చేతులు చాపి నిలబడింది. ఆ రోజు ఏమీ జరగలేదు. ఆ తర్వాత నాకు మళ్ళీ ఎప్పుడూ జరగలేదు.

ఇప్పుడు నా జడ నేనే వేసుకుంటున్నాను. అది సాధన ఫలితం అంటుంది దీదీ. కాలం గడిస్తే తగ్గేదే అన్నారు డాక్టరు. ఆ పట్టుకున్న క్షణంలో చూసిన చెయ్యే నా మనసులో ఉండిపోయిందంటారు మావారు. కావచ్చు. మరి చర్మం మీద మచ్చలెలా పడ్డాయో ఆయనా చెప్పలేరు, నేనూ చెప్పలేను.

ఆ అమ్మాయి మాత్రం వీలున్నప్పుడల్లా సిప్పీఘాట్ వస్తూనే ఉంది. కళ్ళు మూసుకుని, చేతులు చాపి, అందరికంటే ఎక్కువసేపు నిలబడుతుంది. ఏ చెయ్యైనా తగిలిందా అని నేను అడగను.